పసుపు డాలరు గుర్తు

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. అయితే జంతువుల చేత పోరాటాలు చేయించే వీడియోలను యూట్యూబ్ ఒప్పుకోదు. అది రాసిపెట్టిన నియమం.

అంతుబట్టనిది పసుపు డాలరు గుర్తు.

పులస పులుసు కాచినా, ఆత్రేయపురం పూతరేకులు చుట్టినా, వీడియో పక్కన ఆకుపచ్చ గుర్తు పసుపైతే ప్రకటనలు తగ్గుతాయి, లేదా ఆగుతాయి. ఏ మాటకు, ఏ దృశ్యానికి అభ్యంతరమో చాలాసార్లు తేలదు. పునఃపరిశీలన కోరవచ్చు, కానీ వీక్షణలు ఎక్కువగా వచ్చేది మొదటి రోజుల్లోనే. జవాబు వచ్చేలోగా రాబడి చేజారుతుంది.

అసలు ప్రకటనల రాబడికే అర్హత కావాలి. 2018లో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలన్న షరతు రావడంతో చిన్న ఛానళ్లెన్నో ప్రకటనల ఆదాయం కోల్పోయాయి. అర్హత ఉన్నవారికి పూర్తి నిడివి వీడియోలపై 55 శాతం వాటా. అదీ ఖాతాలో 100 డాలర్లు నిండాకే చేతికొస్తుంది.