అవినీతిని కొలుచు విద్య
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



పెద్దలు గ్రంథపఠనమును గూర్చి చక్కగా సెలవిచ్చిరి. నేను లెక్కలు వ్రాయువాడను గావున, లెక్కకు సంబంధించిన యొక విద్యను గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును. నేడు విశ్వవిద్యాలయములలో అవినీతి నివారణ విధానములను పరిశోధించు ఆచార్యులు కలరు. వారి క్రింద పరిశోధక సహాయకులుగా పనిచేయు యువతీ యువకులును కలరు. "వారి పని యేమి? లంచగొండులను పట్టుకొనుటయా?" అని కొందఱడుగుదురు. కాదు. పట్టుకొనుట పోలీసుల పని, శిక్షించుట న్యాయస్థానము పని. పరిశోధకుని పని కొలుచుట.

లంచము పుచ్చుకొన్నవాడు రసీదు వ్రాసి యీయడు గదా, మఱి కొలుచుట యెట్లు? పైనుండి బయలుదేరిన సొమ్మునకును, క్రిందికి చేరిన సొమ్మునకును గల యంతరమును పట్టుకొనుటయే దీనికి మార్గము. చిట్టాను ఆవర్జాతో సరిచూచుట మనమెఱిగినదే. వీరు ఆ పనినే దేశమంత విస్తీర్ణమున చేయుదురు.

ఒక యుదాహరణము. ఆఫ్రికా ఖండమందలి ఉగాండా ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలకు, జీతములు గాక యితర వ్యయములకై, విద్యార్థి తలకింతయని సొమ్ము పంపుచుండెను. రిట్వా రెయినిక్కా, యాకోబ్ స్వెన్సన్ అను ఆర్థికవేత్తలు 1991–95 సంవత్సరములకు 250 పాఠశాలల లెక్కలను కేంద్రపు లెక్కలతో సరిచూపించిరి. నూటికి సగటున 13 వంతులు మాత్రమే బడికి చేరినట్లు తేలెను. పెక్కు బడులకు దమ్మిడీయు చేరలేదు. ఈ సంగతి బయటపడిన పిమ్మట, జిల్లాలకు పంపు సొమ్ము వివరములను ప్రభుత్వము పత్రికలలో ప్రకటింపజొచ్చెను. 2001 నాటికి బడికి చేరు భాగము నూటికి 80 దాటెను. ఆ కాలముననే యితర సంస్కరణములును జరిగినందున, ఇందు పత్రికల వలన కలిగిన మేలెంత యని పండితులు వాదించుకొనిరి. ఆ వాదమును ఈ విద్యలో భాగమే. మంచి జరిగినదని సంతోషించి యూరకుండక, దేనివలన జరిగినదని యడుగవలెను.

రెండవ యుదాహరణము మన పల్లెలకు మఱింత దగ్గఱది. ఇండొనీషియాలో 2003–04లో 608 గ్రామములందు వేసిన రోడ్లను బెంజమిన్ ఓల్కెన్ అను నాచార్యుడు పరిశోధించెను. రోడ్డు ముగిసిన పిదప ఇంజనీర్లు దానిని అచ్చటచ్చట త్రవ్వి, రాయి, ఇసుక, కంకర నిజముగా ఎంత పడినదో కొలిచి, గ్రామపు లెక్కతో పోల్చిరి. ఇచ్చట నొక చిక్కు గలదు. సామగ్రి కొంత సహజముగానే తఱుగును. ఆ తఱుగును దొంగతనమని వ్రాసినచో నిర్దోషికి కళంకము వచ్చును. కావున వారు దొంగతనమునకు తావులేని చిన్న రోడ్లను తామే వేయించి, న్యాయమైన తఱుగెంతయో ముందుగా తెలిసికొని, దానిని తీసివేసిరి. సోదరులారా, ఈ యొక్క జాగ్రత్తయే నన్నీ విద్యకు భక్తుని గావించినది.

ఫలితమేమనగా, ప్రభుత్వ తనిఖీ తప్పక జరుగునని ముందుగా తెలిపిన గ్రామములలో, లెక్కకు రాని వ్యయము నూటికి 8 వంతుల మేర తగ్గెను. అయితే ఆ గ్రామములలోనే పనులలో బంధువులను నియమించుకొనుట పెరిగెను! మఱియొక వింత. ధర పెంచి వ్రాసిన మోసమును గ్రామస్థులు కొంత పోల్చుకొనగలిగిరి గాని, పరిమాణము పెంచి వ్రాసిన మోసమును పోల్చుకొనలేకపోయిరి. మోసము సాగినదియు ఆ రెండవ దారినే.

మన తెలుగునేల సంగతియు చెప్పెదను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ పనులపై 2006 నుండి సామాజిక తనిఖీలు జరిగినవి. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఇవర్సెన్ అనువారు 300 గ్రామ పంచాయతుల 2006–10 నాటి తనిఖీ నివేదికలను పరిశీలించిరి. కూలి సంబంధమైన ఒక్కొక్క యక్రమములో పోవు సొమ్ము కొంత తగ్గెను. కాని కనిపెట్టుటకు కష్టమైన సామగ్రి సంబంధపు అక్రమములు పెరిగెను. కూలివాడు తన దినములను తాను లెక్కించుకొనగలడు. సిమెంటు బస్తాలను లెక్కించువాడెవడు? తేలిన సొమ్ములో అధికభాగము వసూలు కాకపోవుటయు, శిక్షపడినవారు బహుకొద్దిమంది యగుటయు ఆ పరిశోధనలో బయటపడినవి. కావున తనిఖీ చేసిన చాలదు, తేలినదానిపై చర్య జరుగవలెను.

ఈ యాలోచన మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము, అధ్యక్షప్రచారమను రెండవ అధికరణమున, రాజధనమును హరించు విధములను నలుబదిగా లెక్కించినది. అంతేకాదు, ఒక యుద్యోగిని విచారించునపుడు, వానివలన నష్టపడినవారు వచ్చి తెలుపవలసినదని జనులలో చాటింపు వేయింపుమనియు, నష్టపడినవారికి పరిహార మిప్పింపుమనియు విధించినది. నేటి సామాజిక తనిఖీలోని బహిరంగ సభకు ఇది పూర్వరూపము గదా!

మన గ్రామపు విద్యార్థులకు ఒక మాట. ఇట్టి పరిశోధనలకు ఆంగ్లమును గణితమును మాత్రమే తెలిసినవారు చాలరు. మస్టరు చదువగలవారు, కొలతపుస్తకములోని యంకెకును కాలువగట్టుకును గల పొత్తును గుర్తింపగలవారు, కూలివాని మాట విని తెలుగున వ్రాసికొనగలవారు కావలెను. అది మీకు పుట్టుకతో వచ్చిన విద్య. అయితే కోపముతో కొలువరాదు. విరోధి యని యంకె పెంచరాదు, బంధువని తగ్గింపరాదు. తెలిసినంత వ్రాసి, తెలియనిచోట ఖాళీ విడువవలెను. ఖాళీని ఊహతో నింపిన లెక్కయు దొంగలెక్కయే.

గ్రంథాలయ నిర్వాహకులకు ఒక విన్నపము. ప్రభుత్వ కార్యాలయములు కొంత సమాచారమును అడుగకయే ప్రకటింపవలెనని 2005 నాటి సమాచారహక్కు చట్టము విధించుచున్నది. మన పంచాయతి ప్రకటించు ఆదాయవ్యయ పట్టికలను, తనిఖీ నివేదికలను సేకరించి, పురాణముల ప్రక్కనే ఒక బీరువాలో నుంచుడు. నెలకొకసారి చదువ నేర్చినవారు చదువనేరనివారికి వినిపింపుడు. ఉగాండాలో ప్రకటించిన యంకె చదివినవారి చేతిలోనే పనికివచ్చినది. మన రోడ్డులో పడిన కంకరను కొలుచుటకు దూరదేశమునుండి ఆచార్యుడు రానక్కఱలేదు.