సహాయక టి కణానికి అధిపతి ఒక్కడేనా?

  ఈ సభలో మనం స్మరిస్తున్న గురువుగారి విద్వత్తు గురించి ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నేను కలిపేది ఒక్కటే: యాంటీబాడీ సీసా చేతికిచ్చి, ఎంత వాడుతున్నామో పక్కనే నిలబడి చూసేవారు. వాదనకు మాత్రం ఆయన దగ్గర పొదుపు లేదు. అందుకని నేరుగా వాదనకే దిగుతాను.

పాఠ్యపుస్తకం సంగతి మీకు తెలిసిందే. థైమస్‌లో టిహెచ్-పాక్‌ది సిడి4 దారి, రంక్స్3ది సిడి8 దారి. 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ సహాయక కణాలను టిహెచ్1, టిహెచ్2 అని రెండు రకాలుగా విడదీశారు. ఆపైన టిహెచ్1కి టి-బెట్, టిహెచ్2కి గాటా3, టిహెచ్17కి రోర్-గామా-టి. ఇంతవరకు పేచీ లేదు.

ఒక్కో రకానికి ఒక్కో ప్రోటీన్ అధిపతి, అది వస్తే మిగతావి తప్పుకుంటాయి అనేదానితోనే నా పేచీ. 2000లో గ్లిమ్‌చర్ ప్రయోగశాల టిహెచ్2 కణాల్లోకి రెట్రోవైరస్ ద్వారా టి-బెట్‌ను ఎక్కిస్తే అవి టిహెచ్1 సరుకైన ఇంటర్‌ఫెరాన్-గామా తయారుచేశాయి. గొప్ప ప్రయోగమే. కానీ రెట్రోవైరస్ మోసుకొచ్చిన జన్యువు కణం సొంత అదుపులో ఉండదు. టి-బెట్‌కు ఆ శక్తి ఉందని తేలింది తప్ప, శరీరంలో అదొక్కటే ఆ పని చేస్తుందని కాదు. టి-బెట్ లేని ఎలుకల్లో టిహెచ్1 స్పందన కుంటుపడింది కదా అంటారు. పెళ్ళికొడుకు లేకపోతే పెళ్ళి ఆగుతుంది. అంతమాత్రాన వంటలూ పందిరీ ఆయనే చూశాడంటామా?

2010లో హెగజీ, ల్యోనింగ్ బృందం టిహెచ్2 కణాలున్న ఎలుకలకు ఎల్‌సిఎంవి వైరస్ సోకిస్తే, ఆ కణాల్లో గాటా3, టి-బెట్ రెండూ కలిసే నిలిచాయి. 2012లో లిట్‌మన్ ప్రయోగశాల చూపింది మరీ విచిత్రం: టిహెచ్17 కణంలో క్రోమాటిన్‌ను ముందుగా తెరిచేవి బాట్ఫ్, ఐఆర్ఎఫ్4, రోర్-గామా-టి ఆ తర్వాత వచ్చి సవరించేది. 2006లో రోర్-గామా-టిని గద్దెనెక్కించింది కూడా ఆ ప్రయోగశాలే!

ఇదంతా ఎలుకల గోల అంటారా, మనుషుల్లోకే వద్దాం. రోర్-గామా-టిని తయారుచేసే రోర్-సి జన్యువు పనిచేయనివారికి ఫంగస్ ఒక్కటే కాదు, మైకోబాక్టీరియా కూడా సోకుతుందని 2015లో ఒకాడా బృందం తెలిపింది. వారిలో ఇంటర్‌ఫెరాన్-గామా స్పందనే దెబ్బతింది. అంటే, టిహెచ్17 అధిపతి లేకపోతే టిహెచ్1 సరుకు తగ్గిందన్నమాట. 2020లో పుట్టుకతో టి-బెట్ లేని ఒక రోగిని వర్ణించారు. అతనికీ మైకోబాక్టీరియా జబ్బే. అయినా ఆ సూక్ష్మజీవికి స్పందించే ఒక రకం సిడి4 కణాలు, టిహెచ్1-స్టార్ అనేవి, ఇంటర్‌ఫెరాన్-గామాను మామూలుగానే తయారుచేశాయి. అధిపతి లేని ఆ పని ఎవరు నడిపించారు? ఒక్క రోగిని చూసి సిద్ధాంతం మార్చలేం అనేవారున్నారు. మార్చమనడం లేదు, ఈ ప్రశ్నకు జవాబు చెప్పమంటున్నాను.

మా ప్రయోగశాల ఇప్పుడు పట్టుకున్నది ఈ టిహెచ్1-స్టార్ కణాలనే. క్షయ రోగుల రక్తంలో ఒక్కో కణంలోనూ టి-బెట్, రోర్-గామా-టి మోతాదులను కలిపి కొలుస్తున్నాం. ‘ఉంది, లేదు’ అని ఫ్లో సైటోమీటర్ పటం మీద గీత గీసే అలవాటు మానేశాం. తక్కువ, ఎక్కువలే మాకు ముఖ్యం. సభలో ఛాతీ వైద్యులు చాలామంది ఉన్నారు. మాకు నమూనాలు పంపేటప్పుడు, దయచేసి మందులు మొదలుపెట్టకముందే రక్తం తీయించండి.