పాత్ర లేని కొలిమి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సూర్యుడు ఏ రాశిలో నున్నాడో ఈ ఉదయము పంచాంగములో విన్నాము. ఆ సూర్యునిలో పదార్థము ఏ స్థితిలో నున్నదో చెప్పవలసినది భౌతిక శాస్త్రము.

సూర్యుని ఉపరితలపు వేడిమి సుమారు 5,500 డిగ్రీలు. అంత వేడిలో లోహము ఎట్లుండునో ఇక్కడ పరీక్షింపవలెనన్న, దానిని దేనిలో పెట్టి కాచవలెను? లోహములన్నిటిలో మిక్కిలి మొండిదైన టంగ్‌స్టన్ సైతము 3,400 డిగ్రీల దాటగనే కరిగిపోవును. కూర ఉడుకక ముందే కుండ కరిగినట్లే!

ఈ చిక్కుకు విరుగుడు సన్నని తీగ. ఇంటిలో ఫ్యూజు తీగ కరిగి తెగుట మనమందరము చూచినదే. అట్టి తీగలోనికి కండెన్సరులో నిలువచేసిన విద్యుత్తును ఒక్కుమ్మడిగా వదలినచో, కరిగి కారుటకైన వ్యవధి లేక అది ఆవిరియై పెళ్లున పేలును. సెకండులో లక్షవ వంతులో పని ముగియును. పాత్రతో నిమిత్తమే లేదు.

1920లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలకు చెందిన జాన్ ఆండర్సన్ 26,000 వోల్టులతో ఇనుప తీగను ఇట్లు పేల్చి, ఆ వెలుగును వర్ణపటముగా విడదీసి ఫోటో తీసెను. వేడిమి సుమారు 20,000 డిగ్రీలని అంచనా కట్టెను. ఆ యేడే మన మేఘనాద్ సాహా, మిక్కుటమైన వేడిలో పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోవు తీరును లెక్కగట్టి చూపెను. నక్షత్రముల వెలుగును చదువుటకు అది తాళపుచెవి యైనది.

1922లో షికాగోలో వెండ్ట్, ఐరియన్ అనువారు టంగ్‌స్టన్ తీగను పేల్చగా హీలియం పుట్టినదని ప్రకటించిరి. ఒక మూలకము మరియొకటిగా మారినదన్న మాట! రూథర్‌ఫర్డ్ ఒప్పుకొనలేదు. ఎక్స్‌రే గొట్టములలో లక్ష వోల్టుల ఎలక్ట్రానులు టంగ్‌స్టన్‌ను తాకుచున్నను హీలియం కానరాదు గదా యనెను. 1924లో షికాగోలోనే అల్లిసన్, హార్కిన్స్ తిరిగి పరీక్షించిరి. హీలియం కనబడలేదు. ఆ వేడి ఎలక్ట్రానులను ఊడదీయగలదు గాని, పరమాణు కేంద్రమును కదల్పజాలదు.

తీగ విద్య మాత్రము నిలిచినది. అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో వెండ్రుకకంటె సన్నని టంగ్‌స్టన్ తీగలను వందలకొలది కూర్చి, 1990ల నాటికే సుమారు రెండు కోట్ల ఆంపియర్ల విద్యుత్తును వాటిగుండ పంపిరి.

పేలుడు కన్నులను మిరుమిట్లు గొల్పును. కాని శాస్త్రము నిలుచునది ఆ మెరుపు మీద కాదు. వేరొకరు చేసినను అదే ఫలము వచ్చుట మీద. మన పిల్లలు ఏ ఊర, ఏ భాషలో చదివినను ఈ పట్టుదల వారికి అబ్బవలెనని కోరుచు, మీ యందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొనుచున్నాను.