స్పితి లోయలో సముద్రపు గుల్లలు
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)



సింహాచలమునకు ఇంత చేరువనున్న సబ్బవరమున శాలగ్రామము నెఱుగని వారుండరు. పూజామందిరమున తులసిదళము క్రింద నల్లగా, నున్నగా నుండు ఆ శిలను నేపాళ దేశపు గండకీ నదినుండి తెత్తురు. దానిలోని చక్రమును వజ్రకీటము తొలిచినదని పౌరాణికులు చెప్పుదురు. ఆ చక్రము ఒక ప్రాణి గుల్ల యొక్క గుర్తు అని భూగర్భశాస్త్రజ్ఞులందురు. రెండు మాటలలోను ఒక జీవి యున్నది. అది ఒక చిత్రము.

ఆ ప్రాణిని అమ్మొనైటు అందురు. మన జాలరుల వలలో అప్పుడప్పుడు పడు ఎనిమిదికాళ్ల ఆక్టోపసునకు ఇది దూరపు చుట్టము. పాము చుట్టచుట్టుకొన్నట్లుండు గుల్లలో అరలు అరలుగా ఇల్లు కట్టుకొని, కడపటి అరలో తాను కాపురముండెడిది. ఈ జాతి యంతయు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నశించెను. సముద్రమున తప్ప బ్రతుకని ఈ ప్రాణి గుల్లలు సముద్రమునకు ఎంతో దూరమున, హిమాలయముల నడుమ దొరకుటయే నేటి ప్రసంగ విషయము.

హిమాచల ప్రదేశమునందలి స్పితి లోయ ఒక చలి ఎడారి. ఎడారి యనగా మనకు ఇసుక, ఎండ స్ఫురించును. అచ్చట ఎండయు తీక్ష్ణమే, గాని నీడలోనికి పోయిన చేతులు కొంకర్లు పోవును. నైరుతి మేఘములను దక్షిణపు కొండలే అడ్డగించును. కావున వాన బహు తక్కువ. తాటిచెట్టు, జీడిమామిడి తోట చూచిన కన్నులకు ఆ కొండలు ఒలిచిన ఎముకలవలె కనబడును. ముఖ్యగ్రామమైన కాజా సుమారు 3,650 మీటర్ల ఎత్తుననున్నది. దానికి పైన లాంగ్జా అను పల్లె సుమారు 4,400 మీటర్ల ఎత్తున కలదు. పది అడుగులు వేసిన ఊపిరి అందదు. ఆ పల్లెవారు మంచు కరగిన నాలుగు నెలలలో బార్లీయు, బఠాణీయు పండించుకొందురు.

ఆ కొండల వాలులలో నల్లని పలకరాయి పొరలు కలవు. వీనికి స్పితి షేలు అని పేరు. పొరలు పొడిపొడిగా రాలుచుండును. వాని మధ్య గుండ్రని గట్టి ఉండలు మిగులును. సుత్తితో ఒక దెబ్బ వేయగా ఉండ రెండు చెక్కలై, లోపల చక్రము బయటపడును. ఒక చెక్కలో గుల్ల, రెండవ దానిలో దాని అచ్చు! సుమారు 15 కోట్ల సంవత్సరముల క్రింద అచ్చట టెథిస్ అను సముద్రముండెను. దాని అడుగుబురదలో కూరుకొనిన గుల్లలే యివి. దక్షిణమునుండి జరిగివచ్చిన భారత భూఖండము ఆసియాను ఒత్తగా, ఆ సముద్రపు అడుగే మడతలుపడి కొండలై లేచినది. గండకీ ఎగువనున్న ముస్తాంగు కొండలలోను ఇట్టి పొరలే కలవు. అచ్చట ఏరు దొర్లించి నునుపు చేసిన ఉండయే మన శాలగ్రామము.

ఈ గుల్లలను వెదకినవారిలో మొదటివారు శాస్త్రజ్ఞులు కారు. జేమ్స్ గిల్బర్టు జెరార్డు కంపెనీ సైన్యమున వైద్యుడు. సెలవు దొరకినప్పుడు సోదరులతో కూడి హిమాలయములలో ఎత్తులు కొలుచుట, రాళ్లు ఏరుట ఆయన వేడుక. స్పితిని గూర్చి ఆయన వ్రాసినది 1833లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటమున వెలువడెను. బుఖారా యాత్రతో ఆరోగ్యము చెడి 1835లో మరణించెను. ఆయన ఏరిన గుల్లలను బ్లాన్‌ఫర్డు సమగ్రముగా వర్ణించుట 1863లో గాని జరుగలేదు. ఇంతకాలము ఆ రాళ్లు మ్యూజియములో ఎదురుచూచినవన్నమాట.

పిదప వచ్చినవాడు ఫెర్డినాండు స్టోలిచ్కా. ఈయన వేడుకకాడు కాడు, భూగర్భ సర్వే ఉద్యోగి. మొరేవియా దేశీయుడు. తిరుచిరాపల్లి ప్రాంతపు సముద్ర శిలాజములను వర్ణించినది ఈయనయే. 1864, 1865 సంవత్సరములలో స్పితిలో తిరిగి పొరల వరుసను నిర్ణయించెను. యార్కండు రాయబారమునుండి మరలి వచ్చుచు 1874 జూన్‌లో లదాఖ్ కనుమలలో, పలుచని గాలికి తాళలేక, 36వ ఏట కన్నుమూసెను. లేహ్‌లో ఆయన సమాధి యున్నది.

పొరల వరుస యనుట తేలిక. రాయి ఏ పొరనుండి వచ్చెనో తెలియనిచో దానికి వయసు లేదు. 1989లో దీనికొక చేదు నిదర్శనము దొరకెను. భారతీయ విశ్వవిద్యాలయాచార్యుడొకరు ఇరువదియేండ్లకు మించి హిమాలయ శిలాజములని ప్రకటించుచు వచ్చినవానిలో పెక్కు అచ్చటివి కానేకావని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంటు నేచర్ పత్రికలో బయటపెట్టెను. కొన్ని అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపువి. కొన్ని పారిస్ అంగళ్లలో అమ్ముడగు మొరాకో సరకును పోలినవి! ఆ వ్రాతలను నమ్మి పటములు గీచినవారి శ్రమ యేమగును? దొంగ సొమ్మునైన తిరిగి ఇప్పింపవచ్చును గాని, తప్పుడు ఊరిపేరు పుస్తకములలోనికి ఎక్కిన పిమ్మట దానిని ఏరివేయుట తరముల పని.

లాంగ్జాలో నేడు బాలురు అమ్మొనైటులను యాత్రికులకు అమ్ముదురు. అమ్మువారిని తప్పుపట్టుట సులభము. నాలుగు నెలల పంటతో ఏడాది గడపువారి స్థితి వేరు. కొనువాడు దానిని బల్లపై పెట్టుకొని మురిసి, రెండేండ్లకు ఏ ఊరిదో మరచును. ఇట్టి ఆనవాళ్ల రక్షణకు కేంద్రప్రభుత్వము 2022లో ఒక చట్టపు ముసాయిదాను ప్రకటించినది.

ఇంత దూరపు మాట యెందుకని అడుగువారుందురు. ఇటువంటి కథ గోదావరి గట్టుననే కలదు. రాజమహేంద్రవరము చెంత కాతేరులోను, నదికి ఆవల పంగిడిలోను, నల్లరాతి లావా పొరల నడుమ సున్నపురాయి పొర యున్నది. దానినిండ గుల్లలే. మరమేకువలె సన్నగా మెలితిరిగిన టరిటెల్లా అనునది వానిలో నొకటి. ఉత్తర సర్కారుల కమీషనరుగా నుండిన వాల్టరు ఎలియటు దొర ఈ గుల్లలను నాగపురమందలి స్టీఫెన్ హిస్లాపునకు పంపెను. హిస్లాపు మతబోధకుడు, రాళ్లు ఏరుట అతనికిని వేడుకయే. 1860లో వానిని వర్ణించి ముద్రించెను. మూడేండ్లకు, వానకాలమున వాగు దాటబోయి కొట్టుకొనిపోయెను.

పంగిడి ప్రాంతమున ఇప్పుడు నల్లరాతి గనులు ముమ్మరము. కంకర మరలు పగలంతయు తిరుగుచుండును. లావాతోపాటు ఆ సున్నపుపొర ముక్కలును దిబ్బలపై పడుచుండును; వాన వెలిసిన మరునాడు పోయి చూచువారికి, కడిగిన రాతిపై తెల్లని మెలికలు కనబడును.