కత్తి కంటే ముందు మందు



మన రాజపాళయం పక్కనున్న ఛత్రపట్టిలో మరమగ్గాల మీద ఆసుపత్రులకు బ్యాండేజి గుడ్డ నేస్తారన్న సంగతి మీకు తెలిసిందే. ఆపరేషన్ అయ్యాక గాయాన్ని కాపాడేది ఆ గుడ్డే. కాని గాయం చీము పట్టకుండా ఉండాలంటే కాపలా అంతకన్నా ముందే, కత్తి చర్మాన్ని తాకకముందే మొదలు కావాలి.

ఎంత శుభ్రంగా కడిగినా మన చర్మం మీద కొన్ని సూక్ష్మజీవులు మిగిలే ఉంటాయి. కోత పెట్టగానే అవి లోపలికి దిగుతాయి. ఆ సమయానికి రక్తంలోనూ కండలోనూ యాంటీబయాటిక్ మందు సిద్ధంగా ఉంటే అవి పెరగలేవు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రిలో 2,847 మంది రోగులను పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించారు. కోతకు ముందు రెండు గంటల లోపల మందు అందినవారిలో వెయ్యికి ఆరుగురికే గాయం చెడింది. కోత పెట్టిన మూడు గంటల తరువాత అందినవారిలో వెయ్యికి 33 మందికి చెడింది. మరీ ముందుగా ఇచ్చినా లాభం లేదని కూడా తేలింది. మందు అదే, తేడా అంతా వేళలోనే.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అంటారు. మన రాజపాళయం కుక్క అలా కాదు కదా, దొంగ గడప దాటకముందే మొరుగుతుంది. మందు కూడా అలాగే ఉండాలి.

ఇక ఎన్నాళ్లు వాడాలి? చాలా ఆపరేషన్లకు నరానికి ఇచ్చే ఒక్క ఇంజెక్షన్ చాలు. ఆపరేషన్ చాలాసేపు సాగినా, రక్తం ఎక్కువగా పోయినా, మధ్యలో మరోసారి ఇస్తారు. నివారణ కోసం ఇచ్చే మందును ఆపరేషన్ తరువాత కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. కాని ఇంటికి పంపేటప్పుడు మాత్రలు రాయకపోతే మనకు తృప్తి ఉండదు. "ఇంత డబ్బు తీసుకుని వారం రోజులకు మాత్రలైనా రాయలేదే!" అంటాం. అవసరం లేని మాత్రలు విరేచనాలు తెస్తాయి. మందుకు లొంగని సూక్ష్మజీవులను పెంచుతాయి. రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయదు.

ఒక్క మాట మరువకండి. అపెండిక్సు పగిలి లోపల చీము చేరినప్పుడు ఇచ్చే మందు నివారణ కాదు, చికిత్స. దాన్ని డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితీరాలి. అలాగే కొన్ని చిన్న ఆపరేషన్లకు ముందు మందు కూడా అక్కరలేదు.

మరి మీరు చేయవలసిందేమిటి? ఏ మందైనా పడకపోతే ముందుగా చెప్పండి. కోత పెట్టే చోట ఇంట్లో బ్లేడుతో గీయకండి, ఆ గాట్లలో సూక్ష్మజీవులు చేరతాయి. "కోతకు ముందు ఇంజెక్షన్ ఇస్తారా, డాక్టరు గారూ?" అని అడగండి. అలా అడగడం అమర్యాద కాదు. ఇంటికొచ్చాక గాయం ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికే వెళ్లండి.