కొత్త కారు - పాత చేయి

తెనాలినుండి వేమూరు, భట్టిప్రోలుల మీదుగా రేపల్లె చేరువరకు అంతయు డెల్టా నేలయే. చాలచోట్ల ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క మాగాణి, నడుమ రోడ్డు. మాసూళ్ళ దినములలో ఆ రోడ్డు అంచుననే ధాన్యము ఆరబోయుదురు. ఇట్టి దారులలో బండి నడుపువారికి నేటి కార్లను గూర్చి గల అభిప్రాయములు వినదగినవి.

పెద్ద డ్రైవర్లు అంబాసిడరుతో చేయి తిప్పుకొన్నవారు. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 1957లో మొదలైన ఆ బండి తయారీ 2014లో ఆగిపోయినది. చలికాలపు ఉదయమున చోకు లాగుట, మొరాయించినచో హ్యాండిలు త్రిప్పుట, దారిలో ఆగినచో బానెట్టు ఎత్తి కార్బురేటరు శుభ్రము చేయుట - ఇవన్నియు డ్రైవరు విద్యలోని భాగములే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిమ్మట బండి తేలికయైనది, నడుపుటయు తేలికయైనది. ఇప్పుడు ఇంజనుకు పెట్రోలు అందించు పనిని కంప్యూటరు చూచుచున్నది. “బండి మాట వినుచున్నది గాని, దాని జబ్బు మాకు చెప్పుట మానినది” అని పెద్దల ఆక్షేపణ. ఇందు సత్యము లేకపోలేదు. పరీక్షయంత్రము తగిలించినగాని లోపమేదో తెలియదు. యంత్రము చూపు సంకేతమైనను ఏ భాగమును పరీక్షింపవలెనో చెప్పునే గాని, చెడినది ఇదియేయని ప్రతిసారి తేల్చి చెప్పదు. చిన్న ఊరి మెకానిక్కునకు ఇది బ్రతుకుతెరువు సమస్య.

యువకుల మాట వేరు. పవర్ స్టీరింగు వచ్చి భుజముల నొప్పి పోయినది; వెనుకకు నడుపునపుడు సెన్సారు హెచ్చరించుచున్నది. ఇక ప్రాణరక్షణకు వచ్చినచో వాదమే లేదు. 2019 నుండి మన దేశమున కొత్త కార్లకు ఏ.బి.యస్. బ్రేకులు, డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరియైనవి.

అయితే ఇక్కడనే ఒక చిక్కు కలదు. పాత బండిలో బ్రేకు గట్టిగా నొక్కినచో చక్రములు బిగిసిపోయి, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. కావున పెడలును కొట్టి కొట్టి వదలుట అనుభవజ్ఞుల నేర్పు. ఏ.బి.యస్. ఆ పనిని క్షణమునకు అనేక పర్యాయములు తానే చేయును. అట్టి బండిలో పాత నేర్పు చూపినచో బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. అదరక పెడలును నొక్కియే ఉంచి, స్టీరింగు త్రిప్పవలెను. అప్పుడు కాలిక్రింద పెడలు గడగడలాడును. అది లోపమనుకొని కాలు తీయుట ప్రమాదము. ఇసుకమీద, వదులు కంకరమీద ఈ బ్రేకుతో కూడ ఆగు దూరము పెరుగవచ్చును. ఎయిర్‌బ్యాగు సంగతియు ఇట్టిదే: అది బెల్టునకు తోడే గాని బదులు కాదు. బెల్టు పెట్టుకొనని వానికి ఆ సంచి విసురే గాయము చేయవచ్చును.

తెర మీటలను గూర్చి మాత్రము పిన్న పెద్దలిరువురిది ఒకే మాట. పూర్వపు మీట చేతికి తెలిసెడిది. తెరను చూడనిదే నొక్కలేము. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున రెండు సెకండ్లు చూపు మరలినచో బండి ముప్పదిమూడు మీటర్లు గ్రుడ్డిగా పోవును. ఆ మేరలో ఒక గేదె అడ్డము రావచ్చును, సైకిలుపై ఒక బాలుడు రావచ్చును. రోడ్డుపై గీతలు చూచి బండిని దారిలో నిలుపు కొత్త ఏర్పాట్లును కలవు. గీతలే లేని కాలువగట్టు దారిలో అవి ఏమి చూడగలవు?

కనుక తగవు పాతకు కొత్తకు కాదు, నేర్చినదానికి నేర్వనిదానికిని. కారు కొన్న గృహస్థులు డ్రైవరు చేతికి తాళమిచ్చి ఊరకుండుచున్నారు. బండితో వచ్చిన పుస్తకము ఇంగ్లీషులో నుండి, పెట్టెలోనే మిగిలిపోవుచున్నది. దానిని ఇంట చదువుకొన్నవారు డ్రైవరునకు తెలుగున వివరింపవలెను. ఒక పూట ఖాళీ మైదానములో అతనిచేత బ్రేకు నొక్కించి చూడవలెను. వేలు పోసి కొన్న రక్షణ అప్పుడు గాని మన సొత్తు కాదు. ఆ చక్రము వెనుక కూర్చున్నవానికిని ఇంట ఎదురుచూచువారు కలరు.