గ్రానైట్‌కు ముందటి రాళ్లు
(స్మారకోపన్యాసం)



బి.పి. రాధాకృష్ణ గారి స్మృతిలో మాట్లాడేవారికి విషయం వెతుక్కునే శ్రమ ఉండదు. మైసూరు భూగర్భశాఖలో పనిచేస్తూ ఆయన క్లోజ్‌పేట గ్రానైట్‌ను పరిశోధించారు. ఆ పని 1956లో గ్రంథంగా వచ్చింది. క్లోజ్‌పేట అంటే ఇప్పటి రామనగర. ఉత్తర దక్షిణాలుగా సుమారు 400 కిలోమీటర్లు సాగిన ఆ రాతిపట్టీ వయసు 250 కోట్ల ఏళ్ల పైచిలుకు. మన హైదరాబాదు గుట్టలదీ దాదాపు ఆ కాలమే. వీటినే భూమి తొలి రాళ్లనుకోవడం మనవాళ్లకు అలవాటు. ఇవి గట్టిపడేనాటికే భూమికి 200 కోట్ల ఏళ్లు గడిచిపోయాయి. అప్పటిదాకా ఏం జరిగిందన్నదే ఈ పూట నా ప్రసంగం.

గ్రానైట్‌కు ఈ పెద్దరికం అంటగట్టినవారు పద్దెనిమిదో శతాబ్దంలోనే ఉన్నారు. ఆదిమ సముద్రజలాల్లోంచి అన్నిటికన్నా ముందు పేరుకున్న శిల ఇదేనని జర్మనీలో వెర్నర్, ఆయన శిష్యులు బోధించేవారు. 1785లో స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో జేమ్స్ హట్టన్ గ్రానైట్ పాయలు పక్కనున్న శిలల్లోకి చొచ్చుకుపోయి ఉండడం చూశాడు. దూరినది, దారిచ్చినదానికన్నా చిన్నదే అయి ఉండాలి. కరిగి పైకి తన్నుకొచ్చిన రాయి అది.

ఇదే తగాదా మన దక్కనులోనూ నడిచింది. ధార్వాడ్ శిస్టులకు (పొరలుగా విడిపోయే రాళ్లకు) కింద ఉన్న నైస్ శిలలే (చారల రాళ్లే) పాత పునాది అని భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ భావించాడు. ఆ నైస్‌కు 1916లో ‘పెనిన్సులర్ నైస్’ అని పేరుపెట్టిన భూవిజ్ఞాని స్మీత్ ఆ వాదాన్ని తిరగేశాడు: శిస్టులే ముందు, నైస్ తరవాత వాటిలోకి చొరబడిందన్నాడు. దశాబ్దాల పాటు ఎవరి పక్షం వారిదే. చివరికి తేలింది వేరు. సర్గూర్ శిస్టులు ఆ నైస్‌లో చాలాభాగానికన్నా పాతవి. ధార్వాడ్ శిస్టులు దానికన్నా కొత్తవి. ఇద్దరూ చూసింది నిజమే, రెండు తరాల శిస్టుల్ని ఒకటిగా కలిపేయడమే చిక్కు.

కళ్లతో తేలని వయసులను ఐసోటోపులు తేల్చాయి. గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలో విక్ మెక్‌గ్రెగర్ ఓపికగా పటం గీసిన బూడిదరంగు నైస్‌లను 1970ల తొలినాళ్లలో ఆక్స్‌ఫర్డ్‌లో స్టీఫెన్ మూర్‌బాత్ బృందం కొలిచింది. సుమారు 370 కోట్ల ఏళ్లు! వయసును మించిన సంగతి ఇంకోటుంది. వాటిలో మొదట ఉన్న స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తి చాలా తక్కువ; పాత ఖండశిలల్లో అయితే అది కాలంతో పెరిగి ఉండేది. అంటే ఏ పాత ఖండాన్నో కరిగించి చేసినవి కావు, భూమి పై పటలానికి కిందుండే ప్రావారం నుంచి వేరుపడి ఎంతో కాలం కాని సరుకుతోనే పుట్టాయి. తరవాత కెనడాలోని అకాస్టా నైస్ 400 కోట్ల ఏళ్లకు చేరింది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో రాయి పోయి గింజ మిగిలింది: 440 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ రేణువులు.

ఈ పాత నైస్‌లు నిక్కమైన గ్రానైట్లు కావు. టోనలైట్, ట్రోంజెమైట్, గ్రానోడయొరైట్ అనే మూడు రకాల కూటమి. మా వాళ్లు టీటీజీ అని పొట్టిగా పిలుస్తారు. వీటిలో సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. హైదరాబాదు రాతికి గులాబిరంగు తెచ్చే పొటాష్ ఫెల్డ్‌స్పార్ వీటిలో బహు స్వల్పం.

పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న కాస్తేగాని నెయ్యి రాదు. ప్రావారం నుంచి గ్రానైటూ ఒక్క కాపుతో రాదు. ప్రావారం కొద్దిగా కరిగితే వచ్చేది బసాల్ట్. ఆ బసాల్ట్ నీరు పీల్చుకుని, సుమారు 40 కిలోమీటర్ల లోతుకో అంతకు మించో దిగి మళ్లీ కొంత కరిగితే టీటీజీ. అంత లోతున మిగిలిపోయే గార్నెట్ యిటర్బియం వంటి బరువైన విరళ మృత్తికా మూలకాలను తనవద్దే పట్టి ఉంచుతుంది. టీటీజీల్లో ఆ మూలకాల కొరతే లోతుకు సాక్ష్యం. నీరు లేకపోతే ఈ కథే లేదు. మహాసముద్రాలు లేనిదే ఖండాలు లేవని క్యాంబెల్, టేలర్ 1983లో వాదించింది ఇందుకే.

ఆ బసాల్ట్ అంత లోతుకు ఎలా చేరింది? ఫలకాలు ఒకదాని కిందికి ఒకటి జారడం వల్లనని కొందరు, దళసరి బసాల్ట్ పీఠభూముల అడుగునే కరిగిందని కొందరు. నా మొగ్గు రెండో వైపు, కనీసం 300 కోట్ల ఏళ్లకు ముందటి శిలల విషయంలో. అప్పటి ప్రావారం ఇప్పటికన్నా వేడి. ఫలకాలు చల్లబడి, బిగిసి, నేటి తీరులో మునిగాయనడానికి నాకు ధైర్యం చాలదు. ఈ సభలోనే నాతో విభేదించేవారున్నారని తెలుసు.

మూడో కాపు మన ప్రాంతంలో బాగా కనిపిస్తుంది. కర్ణాటకలో గోరూరు వద్ద 330 కోట్ల ఏళ్ల నాటి నైస్‌లు సోడియం రాళ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట పాత పటలమే అడుగున కరిగి, పొటాషియంతోపాటు యురేనియం, థోరియంలను మోసుకుని గ్రానైట్‌గా పైకి లేచింది. వేడి పుట్టించే మూలకాలు పైకి పోవడంతో అడుగుభాగం ఎండి, చల్లబడి, గట్టిపడింది. ధార్వాడ్ నేల ఇన్ని కోట్ల ఏళ్లు చెదరకుండా నిలవడానికి అదొక కారణం.

ఈ మూడో కాపును చూడడానికి రాధాకృష్ణ గారి క్లోజ్‌పేట పట్టీలో ఒక సౌలభ్యం ఉంది. ఈ భూభాగం ఉత్తరానికి ఒరిగి, దక్షిణాన ఎక్కువగా కోతపడింది. అందువల్ల ఉత్తరాన పటలం పైపొరల్లోకి చొరబడిన విడివిడి గ్రానైట్ ముద్దలు కనిపిస్తాయి. దక్షిణానికి వచ్చేకొద్దీ లోతైన పొరలు బయటపడతాయి; ప్రావారం నుంచి వచ్చిన నల్లని మాగ్మా, కరుగుతున్న పాత నైస్ కలగలిసి గడ్డకట్టిన తావులు అక్కడున్నాయి.